బూట్లకు జిగురు, బ్యాటుకు స్టిక్కర్

2021 మే నెలలో జింబాబ్వే ఆల్‌రౌండర్ రయాన్ బర్ల్ ట్విటర్‌లో ఒక ఫొటో పెట్టాడు. సోల్ ఊడిన బూట్లు, పక్కన జిగురు. ప్రతి సిరీస్ అయ్యాక బూట్లు అతికించుకునే బాధ తప్పేలా ఎవరైనా స్పాన్సర్ దొరుకుతారా అని రాశాడు. ఆ ఫొటో దేశదేశాలు తిరిగింది. ఒకటి రెండు రోజుల్లోనే ప్యూమా కంపెనీ ముందుకొచ్చి, ఇక జిగురు పక్కన పెట్టేయమంది.

సుఖాంతమైన కథే. కాని కిట్ స్పాన్సర్‌షిప్ అసలు ఎలా నడుస్తుందో కూడా అందులోనే ఉంది. ఆ ఫొటో పెట్టక ముందు కూడా బూట్లు ఊడే ఉన్నాయి. స్పాన్సర్ వచ్చింది బూట్లు ఊడినందుకు కాదు, ఊడిన సంగతి అందరి కంట్లో పడినందుకు. దేశం తరఫున ఆడేవాడికే ఇలా ఉంటే, శని ఆదివారాల్లో క్లబ్ మ్యాచ్‌లు ఆడే కుర్రాడికి, అండర్-13 జట్టులో కొత్తగా చేరిన అమ్మాయికి కిట్ ఎవరిస్తారు, ఎందుకిస్తారు?

మాట ఒకటే, బేరాలు వేరు

స్పాన్సర్‌షిప్ అనే ఒక్క మాట కింద చాలా రకాల ఏర్పాట్లు నడుస్తున్నాయి. అన్నిటికంటే పై మెట్టు మీద డబ్బు ఒప్పందం ఉంటుంది. బ్యాట్ మీద తమ స్టిక్కర్ వేసుకున్నందుకు కంపెనీ ఆటగాడికి ఏటా ఇంత అని చెల్లిస్తుంది. టీవీలో కనబడే కొద్దిమందికే ఆ యోగం. దాని కిందిది పూర్తి కిట్. సీజన్‌కు రెండో మూడో బ్యాట్లు, ప్యాడ్లు, గ్లవ్స్, హెల్మెట్, బ్యాగ్ ఉచితంగా వస్తాయి, డబ్బు మాత్రం రాదు. ఫస్ట్‌క్లాస్ జట్ల అంచున ఉన్నవాళ్లు, రేపోమాపో పైకి వెళ్తారని అందరూ నమ్మే అండర్-19 కుర్రాళ్లు ఇక్కడ ఉంటారు. ఇంకో మెట్టు దిగితే ఒక బ్యాట్ ఉచితం, మిగతావన్నీ తగ్గింపు ధరకు. అన్నిటికంటే కింద, అన్నిటికంటే జనం ఎక్కువగా ఉన్న మెట్టు మీద, ఉత్త డిస్కౌంట్.

క్లబ్ ఆటగాడు "నాకు ఫలానా కంపెనీ స్పాన్సర్" అన్నాడంటే చాలాసార్లు దాని అర్థం ఈ చివరి మెట్టే. కంపెనీ అతనికి కాస్త తక్కువకు అమ్ముతుంది. బదులుగా అతను వేరే బ్రాండ్ ముట్టుకోడు, ఆ బ్రాండ్ స్టిక్కర్లు నలుగురికీ కనబడేలా చూసుకుంటాడు. ఇందులో మోసమేమీ లేదు. కాని దీన్ని స్పాన్సర్‌షిప్ అనడం కంటే పరస్పర బేరం అంటే సరిగ్గా ఉంటుంది. బేరమని అనుకుంటే లాభనష్టాలు చూస్తాం. స్పాన్సర్‌షిప్ అని వినబడగానే గౌరవం దక్కిందనుకుని లెక్క చూడడం మానేస్తాం. అదే బ్యాట్ సీజన్ చివర్లో మామూలు కొనుగోలుదారుకు ఎంతకు వస్తుందో ఒకసారి పోల్చి చూస్తే, ఆ "స్పాన్సర్ ధర"లో ప్రత్యేకత ఎంతో తేలిపోతుంది. కొన్నిసార్లు ఏమీ ఉండదు.

కంపెనీ వైపు లెక్క వేరు. ఉచితంగా ఇచ్చే బ్యాట్ వాళ్లకు పడేది తయారీ ఖర్చుకే, దుకాణంలో రాసి ఉన్న ధరకు కాదు. అందుకే ఆటగాడికి కనిపించే విలువకు, కంపెనీ జేబులోంచి పోయేదానికి మధ్య పెద్ద తేడా ఉంటుంది. జీతం లేకుండా ఆడే అమెచ్యూర్లను ఎక్కువగా పట్టించుకునేది కూడా పెద్ద బ్రాండ్లు కావు. బ్యాట్లకు వాడే విల్లో చెక్క దిమ్మెలు కొని, చెక్కి, నేరుగా ఆటగాళ్లకే అమ్ముకునే చిన్న తయారీదారులు. వాళ్లకు టీవీ ప్రకటనలిచ్చే తాహతు ఉండదు. ఒక లీగ్‌లో పరుగుల పట్టికలో పైనున్న ఓపెనర్ చేతిలో తమ బ్యాట్ ఉంటే, ఆ లీగ్ అంతటికీ అదే ప్రకటన.

స్టిక్కర్ వెనక ఉన్నదేమిటి

ఆటగాడి పేరు మీద బ్యాట్లు అమ్మడం కొత్త విషయం కాదు. ఆస్ట్రేలియా దిగ్గజం డాన్ బ్రాడ్‌మన్ వాడిన బ్యాట్లు చేసిన విలియం సైక్స్ కంపెనీ ఆయన పేరుతోనే బ్యాట్లు అమ్మింది. అప్పట్లో ఇంగ్లండ్‌లో "అమెచ్యూర్" అన్న మాటకు వేరే బరువు ఉండేది. ఆటకు డబ్బు తీసుకోని పెద్దమనుషులు ఒక పక్క, జీతానికి ఆడేవాళ్లు ఇంకో పక్క. డ్రెస్సింగ్ రూములు కూడా వేరు. పైకి అమెచ్యూర్లుగా ఉంటూ ఖర్చుల పేరుతో, రకరకాల ఏర్పాట్లతో డబ్బు తీసుకున్నవాళ్లూ లేకపోలేదు. ఇంగ్లండ్ దిగ్గజం డబ్ల్యూజీ గ్రేస్ సంపాదన అందరికీ తెలిసిన రహస్యమే. 1962 నవంబర్‌లో ఆ తేడాను ఎత్తేయాలని నిర్ణయించారు, 1963 సీజన్ నుంచి అందరూ క్రికెటర్లే. కాబట్టి ఇవాళ అమెచ్యూర్ అంటే జీతం తీసుకోకుండా ఆడేవాడని మాత్రమే. కిట్ తీసుకున్నంత మాత్రాన ఆ పేరు పోదు.

ఆ తర్వాత స్టిక్కర్‌కు, బ్యాట్‌కు మధ్య ఉన్న సంబంధం కూడా తెగిపోయింది. సచిన్ టెండూల్కర్, బ్రయాన్ లారా, విరాట్ కోహ్లీ బ్యాట్ల మీద కనబడిన ఎంఆర్‌ఎఫ్ నిజానికి ఒక టైర్ల కంపెనీ. రోహిత్ శర్మ బ్యాట్ మీది సియట్ కూడా అంతే. ఆ బ్యాట్‌ను చెక్కింది ఎవరో స్టిక్కర్ చెప్పదు. బ్యాట్ల కంపెనీల స్టిక్కర్లున్నా కూడా లోపలి చెక్క వేరే చోట తయారై ఉండొచ్చని ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. 1996 ప్రపంచ కప్‌లో అందరికంటే ఎక్కువగా 523 పరుగులు చేసిన టెండూల్కర్ బ్యాట్ మీద స్పాన్సర్ స్టిక్కరే లేదు. ఖాళీ బ్యాట్‌తో పరుగులు రాకుండా పోలేదు.

జూనియర్ ఆటగాళ్ల తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియడం అవసరం. ఫలానా స్టార్ వాడే మోడల్ అని పిల్లవాడి చేతికి వచ్చే బ్యాట్‌కు, ఆ స్టార్ చేతిలో ఉన్న బ్యాట్‌కు పోలిక పైనున్న రంగుల వరకే కావచ్చు. అలాగే గ్రేడ్ అన్న మాట. ఇంగ్లిష్ విల్లో చెట్టు ఎదిగి నరకడానికి పనికి రావాలంటే దాదాపు 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది, అందుకే ఆ చెక్కకు అంత ఖరీదు. కాని గ్రేడ్ వన్, గ్రేడ్ త్రీ అనేవి ఎక్కువగా కంటికి కనిపించేదాన్ని బట్టి ఇచ్చేవి. గ్రెయిన్స్, అంటే చెక్కలోని నిలువు గీతలు, ఎంత తిన్నగా ఉన్నాయి, మచ్చలున్నాయా, అంచున ముడి ఉందా అని చూస్తారు. బంతి ఎంత బాగా వెళ్తుందన్నది అందులో పూర్తిగా తేలదు. మచ్చ ఉన్న మూడో గ్రేడ్ బ్యాట్ అద్భుతంగా ఆడటం క్లబ్ క్రికెట్‌లో వింతేమీ కాదు. స్పాన్సర్ ఇచ్చింది "గ్రేడ్ వన్ కాదు" అని ముఖం మాడ్చుకోనక్కర్లేదు.

ఎవరికి దొరుకుతుంది, ఎవరికి దొరకదు

స్టిక్కర్ అతికించడానికి అనువైన చోటు బ్యాట్. షాట్ కొట్టినప్పుడు ఫొటో తీస్తారు, సెంచరీ చేస్తే ఎత్తి చూపిస్తారు. కాబట్టి స్పాన్సర్‌షిప్ సహజంగానే బ్యాటర్ల వైపు మొగ్గుతుంది, అందులోనూ టాప్ ఆర్డర్ వైపు. పదకొండో నంబర్‌లో దిగే ఫాస్ట్ బౌలర్ సీజన్‌లో నలభై వికెట్లు తీసినా అతని బ్యాట్ ఎవరి కంటా పడదు. కాని ఖర్చు మాటకొస్తే అతనిదీ తక్కువ కాదు. అడుగున ముళ్లుండే బౌలింగ్ బూట్లు, స్పైక్స్, అడుగు మోపే చోట, కాలు ఈడ్చే బొటనవేలి దగ్గర సీజన్ మధ్యలోనే అరిగిపోతాయి. బర్ల్ ఫొటో బ్యాట్ గురించి కాకుండా బూట్ల గురించి కావడం యాదృచ్ఛికం కాదేమో. బూట్ల కంపెనీలు వేరు, వాటికి క్లబ్ క్రికెట్ మీద ఆసక్తి తక్కువ. వికెట్ కీపర్ పరిస్థితి ఇంకా విచిత్రం. అందరికీ ఉండే బ్యాటింగ్ కిట్ కాక కీపింగ్ గ్లవ్స్, లోపలి గ్లవ్స్, కీపింగ్ ప్యాడ్లు అదనం. జట్టులో ఒక్కడే కీపర్ కాబట్టి, అతన్ని చూసి కొనేవాళ్లూ ఒకరిద్దరే. కంపెనీకి అదేం పెద్ద మార్కెట్?

అమ్మాయిల విషయంలో సమస్య ఇంకో రకం. ఎంతోకాలం వాళ్లకు దొరికింది అబ్బాయిల సైజుల కిట్టే. ప్యాడ్ల వెడల్పు, తొడకు కట్టే థై ప్యాడ్ ఆకారం, గ్లవ్స్ వేళ్ల పొడవు, బూట్ల మడమ ఏదీ సరిగ్గా అమరేది కాదు. ఇప్పుడిప్పుడే వాళ్ల కోసం కొలిచి చేసినవి వస్తున్నాయి. స్పాన్సర్ కంపెనీ దగ్గర అలాంటి సరుకు లేకపోతే "ఉచితంగా వచ్చింది కదా" అని సరిపోనిదాన్ని తగిలించుకోవలసి వస్తుంది.

ఎవరికి ఇవ్వాలన్నది తేల్చేటప్పుడు కంపెనీ ప్రతిభ ఒక్కటే చూడదు. చూసేది ప్రభావం. ఒక క్లబ్‌లో పదిహేనేళ్ల కుర్రాడు ఏ బ్యాట్ కొనాలన్నది టీవీలో స్టార్ కంటే, నెట్స్‌లో పక్కన ఆడే సీనియర్‌ను చూసి తేల్చుకుంటాడు. ఆ సీనియర్ కంటే కూడా కోచ్ మాటకు విలువ ఎక్కువ. కోచ్ ఒకరికి కిట్ ఇస్తే ముప్పై కుటుంబాలు ఆయన్నే అడుగుతాయి, "సార్, బాబుకు ఏ బ్యాట్ తీసుకోమంటారు?" అని. పన్నెండేళ్ల పిల్లవాడికి ఇచ్చే బ్యాట్ వల్ల కంపెనీకి దక్కేది అందులో పదో వంతు కూడా ఉండదు. కోచ్‌కు కిట్ ఇవ్వడం తప్పని కాదు. కాని పిల్లలకు సలహా ఇచ్చేవాడికి ఏ కంపెనీతో సంబంధం ఉందో తల్లిదండ్రులకు తెలిసుండాలి. చాలాచోట్ల అది ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు.

లెదర్ బంతి దగ్గర వచ్చే గోడ

అసలు విషయం ఇదీ: కిట్ అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్న దశలో స్పాన్సర్ ఎవరూ ఉండరు.

టెన్నిస్ బంతితో, మెత్తటి ప్లాస్టిక్ బంతితో ఆడినన్నాళ్లూ ఒక బ్యాట్ చాలు, అదీ నలుగురికి ఒకటి. లెదర్ బంతి దగ్గరికి రాగానే లెక్క ఒక్కసారిగా మారిపోతుంది. హెల్మెట్, ప్యాడ్లు, గ్లవ్స్, పొత్తికడుపు కింద పెట్టుకునే గార్డ్, థై ప్యాడ్, స్పైక్స్, ఇవన్నీ మోయడానికి ఒక బ్యాగ్. ఒకదాని తర్వాత ఒకటిగా కొనుక్కోవడానికి కుదరదు. హెల్మెట్ ఈ ఏడాది, గార్డ్ వచ్చే ఏడాది అనలేం కదా. పిల్లవాడికి ఆట ఇంకా పూర్తిగా వచ్చిందో లేదో, కొనసాగిస్తాడో లేదో తెలియని వయసులో ఇంటి మీద ఇంత ఖర్చు ఒక్కసారిగా పడుతుంది. ఆ గోడ దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆగిపోయినవాళ్ల పేర్లు ఏ సెలెక్షన్ జాబితాలోనూ ఉండవు కాబట్టి వాళ్లు లేని లోటు ఎవరికీ కనిపించదు.

స్పాన్సర్ వచ్చేది ఆ గోడ దాటిన తర్వాతే. ఏదో ఒక జట్టుకు ఎంపికై, పేపర్‌లో పేరు వచ్చి, ఎలాగో ఒకలా కిట్ సమకూర్చుకున్నవాడికి ఇంకో కిట్ వస్తుంది. కంపెనీని తప్పు పట్టడానికి లేదు, వాళ్లది వ్యాపారం. కాని దీన్ని సేవగా, ప్రతిభకు ప్రోత్సాహంగా మాత్రమే చెప్పుకోవడం దగ్గర పేచీ ఉంది.

ఎదిగే పిల్లలతో ఇంకో చిక్కు, కిట్ అరిగిపోకముందే పొట్టిదైపోతుంది. జూనియర్ బ్యాట్లు సైజు 1 నుంచి 6 వరకు ఉంటాయి, ఆ పైన హారో, ఆ తర్వాత ఫుల్ సైజు. పెరిగే వయసులో ఏడాది ఏడాదిన్నరకు ఒక సైజు మారవచ్చు. అందుకని ఇంట్లోవాళ్లు ఒక సైజు పెద్దది కొంటారు, "ఎదిగితే అదే సరిపోతుంది" అని. చొక్కాకు ఈ సూత్రం పనికొస్తుంది. బ్యాట్‌కు పనికిరాదు. బరువైన, పొడవైన బ్యాట్ పట్టుకున్న పిల్లవాడు తిన్నగా ఎత్తలేడు. కింది చెయ్యి బలంగా బిగిస్తాడు, బ్యాట్ అడ్డంగా తిరుగుతుంది, తల ఆఫ్‌సైడ్‌కు పడిపోతుంది. అప్పుడు పట్టుబడిన అలవాటు పదహారేళ్లకు కూడా పోదు. స్పాన్సర్ పంపేది తన దగ్గర మిగిలిన సైజు అయితే ఈ ప్రమాదం రెట్టింపు. ఉచితంగా వచ్చిన బరువైన బ్యాట్ కంటే కొనుక్కున్న తేలికపాటి చవక బ్యాట్ మేలు. ఏ కోచ్‌ను అడిగినా ఈ మాటే చెబుతాడు, కొత్త స్టిక్కర్లు చూసి మెరిసిపోతున్న పిల్లవాడికి చెప్పడమే కష్టం.

కొత్త బ్యాట్ చేతికి రాగానే మర్నాడే మ్యాచ్‌కు తీసుకెళ్లడం ఇంకో తప్పు. విల్లో బ్యాట్‌కు సాధారణంగా పల్చగా అవిసె నూనె పట్టించి, చెక్క సుత్తితో కొన్ని గంటలపాటు ముఖాన్ని, అంచుల్ని నెమ్మదిగా కొట్టి, తర్వాత పాత బంతులతో తేలిగ్గా ఆడి అలవాటు చేయాలి. ఇది చేయకుండా యార్కర్, అంటే కాళ్ల దగ్గర పడే బంతి, ఆడితే అడుగున చీలవచ్చు. ఏడాదికి ఒక్క బ్యాటే ఇస్తామన్న ఒప్పందంలో మొదటి నెలలోనే చీలితే మిగతా సీజన్‌కు సొంత డబ్బే.

హెల్మెట్ దగ్గర మొహమాటం వద్దు

2014 నవంబర్ 25న సిడ్నీలో బౌన్సర్ మెడకు తగిలి, రెండు రోజుల తర్వాత ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిలిప్ హ్యూస్ చనిపోయాడు. ఆ తర్వాత హెల్మెట్ల గురించి ఆలోచనే మారింది. బీఎస్ 7928:2013 అనే బ్రిటిష్ ప్రమాణం అప్పటికే ఉంది. ముఖానికి అడ్డుగా ఉండే గ్రిల్‌కు, అంచుకు మధ్య నుంచి బంతి దూరుతుందా అని అందులో పరీక్షిస్తారు. 2019లో మెడ రక్షణకు కూడా ప్రమాణం చేర్చారు. 2023 అక్టోబర్ నుంచి ఆస్ట్రేలియా బోర్డు ఫాస్ట్ బౌలింగ్ ఎదుర్కొనే తన ఆటగాళ్లకు మెడ గార్డును తప్పనిసరి చేసింది.

జూనియర్లకు సంబంధించిన ముఖ్యమైన వివరం ఒకటి ఈ ప్రమాణంలోనే ఉంది. పెద్దల బంతికి, పిల్లల బంతికి పరీక్ష విడిగా జరుగుతుంది. పురుషుల బంతి దాదాపు 156 నుంచి 163 గ్రాములు, అండర్-13 పిల్లల బంతి 133 నుంచి 144 గ్రాములు. చిన్న బంతి తేలికే, కాని చిన్నది కాబట్టి పెద్దవాళ్ల హెల్మెట్ సందులోంచి దూరే అవకాశం ఉంది. అంటే పెద్దవాళ్ల హెల్మెట్‌ను బిగించి పిల్లవాడికి పెట్టడం సురక్షితం కాదు. హెల్మెట్ లోపలి లేబుల్ మీద ఏ బంతికి పరీక్షించారో రాసి ఉంటుంది, అది చూడాలి.

స్పాన్సర్ ఇచ్చింది కదా అని వదులుగా ఉన్న హెల్మెట్ వాడటం, ఎవరో దానం చేశారు కదా అని దెబ్బ తిన్న హెల్మెట్ తీసుకోవడం, రెండూ వద్దు. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను పైకి పగులు కనబడకపోయినా మార్చేయాలి. బ్యాట్, ప్యాడ్లు ఎన్ని చేతులు మారినా ఫర్వాలేదు. హెల్మెట్ చరిత్ర తెలియకపోతే తీసుకోకపోవడమే మంచిది. ఒప్పందంలో "మా హెల్మెట్ మాత్రమే వాడాలి" అని ఉండి అది తలకు సరిగ్గా అమరకపోతే, ఆ షరతు తీసేయమని అడగాలి. తీసేయనంటే ఆ స్పాన్సర్ అక్కర్లేదు.

అంబాసిడర్ కావాలా అని మెసేజ్ వస్తే

పిల్లవాడి బ్యాటింగ్ వీడియో ఒకటి పెట్టగానే ఈ రోజుల్లో ఏదో ఒక పేజీ నుంచి మెసేజ్ వస్తుంది: మా బ్రాండ్‌కు అంబాసిడర్‌గా ఉంటారా? ఇంట్లో పండగే. తర్వాత తెలుస్తుంది, ముందుగా ఒక "స్టార్టర్ కిట్" కొనాలని, ఆ పైన ఒక డిస్కౌంట్ కోడ్ ఇస్తారని, ఆ కోడ్‌తో స్నేహితులు కొంటే కొంత కమీషన్ వస్తుందని. అంటే కంపెనీ పిల్లవాడిని స్పాన్సర్ చేయడం లేదు. పిల్లవాడే కంపెనీకి జీతం లేని సేల్స్‌మన్ అవుతున్నాడు. నిజమైన స్పాన్సర్ ఎవరూ ముందు డబ్బు కట్టమనరు. ముందు డబ్బు కట్టాలా అన్న ఈ ఒక్క ప్రశ్నతో ఇలాంటి మెసేజ్‌లలో చాలావాటిని వడగట్టవచ్చు.

నిజమైన ఒప్పందమైనా చదవకుండా సంతకం పెట్టకూడదు. చాలా దేశాల చట్టాల్లో మైనర్ సంతకానికి పూర్తి బలం ఉండదు, కాబట్టి తల్లిదండ్రులను సంతకం పెట్టమంటారు. అంటే బాధ్యత వాళ్లది. గడువు ఎంత అన్నది అందరూ చూస్తారు. చూడనిది ఫొటోల సంగతి. ఒప్పందం అయిపోయాక కూడా పిల్లవాడి ఫొటోలు, వీడియోలు వాడుకునే హక్కు కంపెనీకి ఉందా? ఎంతకాలం? గాయమై సీజన్ అంతా బయట కూర్చుంటే కిట్ తిరిగి ఇవ్వాలా? జట్టులోంచి తీసేస్తే? ఏడాదికి ఇంత కొనాలన్న కనీస పరిమితి ఏమైనా ఉందా? నెలకు ఇన్ని పోస్టులు పెట్టాలని ఉంటే, చాలా సోషల్ మీడియా వేదికల్లో 13 ఏళ్ల లోపు వారికి ఖాతాయే ఉండకూడదన్న సంగతి కంపెనీకి గుర్తుందా? చివరికి ఆ పోస్టులు రాసేది నాన్నే, అది వేరే విషయం.

లీగ్ నిబంధనలు కూడా చూసుకోవాలి. ఏ లోగో ఎక్కడ ఎంత సైజులో ఉండొచ్చన్నదానికి సంఘాలకు లెక్కలుంటాయి. మద్యం, జూదం వంటి వాటి పేర్లను పిల్లల దుస్తుల మీద ఒప్పుకోని చోట్లు చాలా ఉన్నాయి. బ్యాట్ కొలతలకు ఆట చట్టాల్లోనే పరిమితి ఉంది. వెడల్పు 10.8 సెంటీమీటర్లు దాటకూడదు. 2017 అక్టోబర్ నుంచి అంచు మందం 40 మిల్లీమీటర్లు, మొత్తం మందం 67 మిల్లీమీటర్లు మించకూడదు. ఆ మార్పుకు ముందు చేసిన లావు బ్యాట్లు ఇంకా అక్కడక్కడా తిరుగుతూనే ఉంటాయి, "పాత స్టాక్" పేరుతో స్పాన్సర్ నుంచి వచ్చినవి అంపైర్ బ్యాట్ కొలిచే గేజ్‌లో పట్టకపోతే ఇబ్బంది ఆటగాడిదే.

ఇవన్నీ కాక టెన్షన్ ఒకటుంది. పద్నాలుగేళ్లవాడు వరసగా మూడు మ్యాచ్‌ల్లో డకౌట్ అయితే బాధపడి మర్చిపోతాడు. అదే స్పాన్సర్ ఉన్నవాడైతే "కంపెనీవాళ్లు ఏమనుకుంటారో" అని ఇంట్లో మాట మొదలవుతుంది. ఆ మాట పిల్లవాడి ముందు అనకుండా ఉండే ఇళ్లు తక్కువ. జట్టులో మిగతా పిల్లల చూపు సరేసరి.

ఇవన్నీ చెప్పినంత మాత్రాన చిన్న వయసులో ఇచ్చిన కిట్‌కు విలువ లేదని కాదు. 2019 ప్రపంచ కప్‌లో మహేంద్ర సింగ్ ధోనీ వేర్వేరు మ్యాచ్‌ల్లో వేర్వేరు బ్యాట్ కంపెనీల స్టిక్కర్లతో ఆడాడు. వాళ్ల దగ్గర డబ్బేమీ తీసుకోవడం లేదని, కెరీర్‌లో వేర్వేరు దశల్లో అండగా నిలిచినందుకు కృతజ్ఞత చెప్పుకుంటున్నాడని ఆయన మేనేజర్ అప్పట్లో వివరించాడు. ఇంకా ఎవరూ కాని కుర్రాడికి బ్యాట్ ఇచ్చిన కంపెనీకి, ఏళ్ల తర్వాత ప్రపంచ కప్‌లో ఉచితంగా చోటు దొరకడమంటే లాటరీ తగిలినట్టే. అలాంటి లాటరీని నమ్ముకుని ఏ కంపెనీ బడ్జెట్ వేసుకోదు, వేసుకోవాలని అడగడమూ కుదరదు.

ఒకరికి కాక క్లబ్‌కు ఇస్తే

ఇక్కడే ఇంకో దారి ఉంది. అంతగా మెరవదు కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఒక స్టార్ కుర్రాడికి పూర్తి కిట్ ఇచ్చే ఖర్చుతో క్లబ్‌కు జూనియర్ సైజుల్లో మూడు నాలుగు సెట్ల ప్యాడ్లు, గ్లవ్స్ ఇవ్వవచ్చు. ఒకే మ్యాచ్‌లో ఒకేసారి క్రీజులో ఉండేది ఇద్దరే. ప్యాడ్లు కట్టుకుని ఎదురుచూసేవాళ్లను కలిపినా నాలుగు సెట్లతో జట్టంతా ఆడేయొచ్చు. గార్డ్ మాత్రం ఎవరిది వాళ్లదే, హెల్మెట్ వీలైతే ఎవరిది వాళ్లదే. మిగతాదంతా ఒక పెట్టెలో, ఒక రిజిస్టర్‌తో. సైజు మారిన పిల్లవాడు పాత బ్యాట్ అందులో వేసి పెద్దది తీసుకుంటాడు. లెదర్ బంతి దగ్గర అడ్డుపడే గోడ ఎత్తు ఇలా తగ్గుతుంది.

వ్యాపారిగా చూసినా ఇది నష్టపు బేరం కాదు. పాతిక మంది పిల్లలు మొదటిసారి కట్టుకున్న ప్యాడ్ల మీద ఆ కంపెనీ పేరే ఉంటుంది. క్రికెట్‌తో సంబంధం లేని వ్యాపారాలకు కూడా ఇదే అనువు. వాళ్లకు బ్యాట్ స్టిక్కర్ ఎందుకు, జట్టు చొక్కాల మీద పేరు చాలు. ఇబ్బందల్లా నిర్వహణలోనే. పెట్టె తాళం ఒకరి దగ్గర ఉండాలి, తడిసిన ప్యాడ్లు ఎవరో ఒకరు ఆరబెట్టాలి, చిరిగిన పట్టీలు కుట్టించాలి. మొదటి సీజన్ ఉత్సాహం రెండో సీజన్‌కు ఉండదు. చాలా కిట్ పెట్టెలు దొంగల వల్ల కాదు, బూజు వల్ల పోతాయి.

వాడిన కిట్ సేకరించి పంచే పద్ధతి కూడా పెద్ద ఎత్తున నడుస్తోంది. 1950లో మొదలైన బ్రిటిష్ సేవాసంస్థ లార్డ్స్ టావెర్నర్స్ ఇలా పాత కిట్ పోగుచేసి ఇతర దేశాలకు కూడా పంపుతుంది. ఇలాంటి సేకరణలో క్లబ్బులకు ఎదురయ్యే సమస్య కొరత కంటే పొంతన లేకపోవడం. వచ్చేవన్నీ పెద్దవాళ్ల బ్యాట్లు, ఒకటో రెండో పాత హెల్మెట్లు. కావలసినవేమో సైజు 4 బ్యాట్లు, చిన్న ప్యాడ్లు. ఎడమచేతి వాటం పిల్లల సంగతి మరీ కష్టం. బ్యాటింగ్ గ్లవ్స్‌లో బంతి వైపు ఉండే వేళ్లకు, కింది చేతి బొటనవేలికి అదనపు రక్షణ ఉంటుంది. చెయ్యి మారితే ఆ రక్షణ ఉండాల్సిన చోట ఉండదు. థై ప్యాడ్ కూడా అంతే, కాలు మారుతుంది. పెట్టెలో పది జతల గ్లవ్స్ ఉన్నా అన్నీ కుడిచేతివే అయితే ఎడమచేతి పిల్లవాడు ఖాళీ చేతులతో నిలబడాలి.

అందుకే అడిగే పద్ధతిలోనే సగం పని ఉంది. కంపెనీలకు, వ్యాపారులకు రోజూ వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకేలా ఉంటాయి: మా అబ్బాయి బాగా ఆడతాడు, దయచేసి స్పాన్సర్ చేయండి. దానికి జవాబు రాదు, ఎందుకంటే ఏమివ్వాలో అందులో లేదు. ఫలానా లీగ్‌లో ఆడే జూనియర్ జట్టు, ఇన్ని మ్యాచ్‌లు, ఇంతమంది పిల్లలు, మాకు ఈ సీజన్‌కు కావలసింది ఎడమచేతి వాటం యూత్ సైజు గ్లవ్స్ రెండు జతలు, సైజు 5 బ్యాట్ ఒకటి అని రాస్తే, చదివినవాడికి లేచి గోడౌన్‌లోకి వెళ్లి చూడటానికి ఒక కారణం దొరుకుతుంది. ఎడమచేతి గ్లవ్స్ ఎలాగూ అక్కడ అమ్ముడుపోకుండా పడి ఉంటాయి.